లేని కాలువను కొట్టివేయుట గురించి

ముంచింగిపుట్టు,
11 ఏప్రిల్ 2008.

తాగునీటి పథకం అధికారి గారి సముఖమునకు,
నేరేడుగుడ గ్రామ నివాసి, ఎనిమిదో తరగతి మధ్యలో మానినవాడు, సంత దగ్గర జెరాక్సు–ఇంటర్నెట్ కొట్టు నడుపువాడు అయిన పాంగి మంగరాజు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా ఊరికి నీళ్లున్నాయని తమకు చేరిన రిపోర్టు అబద్ధమని, అది నేను చేసిందేనని ఒప్పుకొనుట, పైపుల జాబితాలో మా ఊరి పేరు తిరిగి చేర్చమని కోరుట.

1. రోడ్డు లేని ఊళ్లకు సిబ్బంది వెళ్లలేరు గనుక, పదో తరగతి పిల్లలు తమ ఊరి నీళ్ల మీద రాసే ప్రాజెక్టులనే సర్వేగా తీసుకోవాలని తమరు ఉత్తర్వు ఇచ్చియున్నారు.

2. పిల్లలు ఊరు తిరగలేదు. నా కొట్టుకొచ్చారు. నేను నెట్‌లో వెతికి, మొదట వచ్చిన ఇంగ్లీషు పేజీ దించాను. అది ఎక్కడో గోదావరి ఒడ్డు ఊరిది. ఊరి పేరొక్కటి మార్చి, రంగు బొమ్మతో అందరికీ అదే ప్రింటు తీసిచ్చాను. కావున తమ రికార్డుల ప్రకారం ఈ మండలంలో పదిహేడు కొండ ఊళ్లకు కాలువ, వాటర్ ట్యాంకు, లాంచీల రేవు కలవు. లాంచీ అన్న మాట దగ్గరైనా ఎవరో ఒకరు ఆగాల్సింది. ఎవరూ చదవలేదు. నేనూ చదవలేదు.

3. మా ఊరి పిల్ల కొర్రా రమణి ఒక్కతే మూడు రోజులు ఊట దగ్గర కూర్చుని, చేత్తో నాలుగు పేజీలు రాసింది. నెట్ మేటర్ లేదు, బొమ్మ లేదు అని మాస్టారు తిప్పి పంపారు. ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. ఆఖరి ప్రింటు తన చేతిలో పెట్టాను.

"మంగన్నా, ఇందల ఏటి రాసుందో నువ్వు సదివినావా?"

"ఎందుకే గుంటా? మాస్టారు మాత్రం సదువుతారేటి? బొమ్మ సూత్తారు, మార్కులేత్తారు."

ఆ మాట అన్నది నేనే. ఆ కాగితం మీద నేరేడుగుడ అని కొట్టినవీ నా వేళ్లే.

4. నిన్న తమ ఆఫీసు నోటీసు బోర్డులో మా ఊరి ఎదురుగా 'నీటి వసతి కలదు, పథకం అవసరం లేదు' అని ఉంది. మా అమ్మ సోములమ్మకు చెప్పాను. "కాలవుందని రాసినోడివి నువ్వేనా? బిందట్టుకొని ఆ కాలవకే పోరా" అంది. పోయాను అయ్యా. ఊట దగ్గర గిన్నెతో తోడితే బిందె నిండడానికి అరగంట పట్టింది. రమణి తన పేజీల్లో రాసిందీ అరగంటనే.

5. జాబితా ఈ నెల ఇరవైన పైకి పోతుందట. ఈలోగా ఒక మనిషిని పంపండి. మిగతా పదహారు ఊళ్లకూ పంపండి. నా కొట్టు మూయించినా, కేసు పెట్టినా ఒప్పుకుంటాను.

రమణి చేతిరాత నాలుగు పేజీలు జతపరిచాను. బొమ్మ లేదు. ఈసారి చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాంగి మంగరాజు

తా.క.: జీపు గెడ్డ వాగు దాకానే వస్తుంది, తర్వాత నడక. తాగడానికి నీళ్లు సీసాలో మీరే తెచ్చుకోగలరు. మా అమ్మ చెంబు అందిస్తే మాత్రం వద్దనకండి, నొచ్చుకుంటుంది. ఒక్క గుక్క తాగి, మిగిలింది పారబోయకుండా ఆవిడ చేతికే ఇచ్చేయండి.