వెనుక సీటులో మామయ్య

ముత్తుకూరు,
శుక్రవారం.

వినీల వాళ్ల నాన్నకు, ప్రభువు పేరిట మీ కరుణ వందనాలు.

ఆయన దయవల్ల నేనూ వినీలా క్షేమం. మీ క్షేమం తెలియక మాత్రం మనసు కుదురుగా లేదు. పాప దగ్గు సంగతి అడిగారు, తగ్గింది. మళ్ళీ బడికి వెళ్తోంది.

ఇక ఉత్తరంలో మీరు కింద గీత గీసి మరీ అడిగిన మాట: "మన ఫ్యాక్టరీ కారు బుక్ చేసిన కాగితం ఇంకా పంపలేదేం?" అమ్మకాలు లేక ఒక షిఫ్టు ఎత్తేస్తున్నారనీ, ఇంట్లో కంపెనీ కారున్న వాళ్లను తీసేయరనీ రాశారు. మనమే కొనకపోతే మన పరిశ్రమ ఎలా నిలబడుతుందన్నారు. అచ్చం మీ నాన్నగారు, మా మామయ్య మాటే. విదేశీ బళ్లొచ్చి తన స్కూటర్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక, పోయేదాకా ఆయన పరాయి బండి ఎక్కలేదు. చర్చికి కూడా ఎండలో నడిచే వెళ్లారు.

కాగితం సంగతి తరువాత చెబుతాను. కారైతే ఇంటికొచ్చింది. పాస్టరు పరంజ్యోతి గారు ప్రార్థన చేశారు. కొత్త బండిలో మొదట ఇంటి పెద్దను ఎక్కించడం మన ఆచారం కదా. మామయ్య పోయి ఏడాదైందన్న ధ్యాసే లేకుండా వెనుక తలుపు తీసి, "ఎక్కండి మామయ్యా" అనేశాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మరునాడు మధ్యాహ్నం తోటపల్లి గూడూరు వెళ్తుంటే, రొయ్యల గుంటల దగ్గర బెల్టు పెట్టుకోమని కారు కుయ్యోమని మోగింది. నేను పెట్టుకునే ఉన్నాను. మోగుతున్నది వెనుక సీటుకు. అక్కడ ఎవరూ లేరు. మెకానిక్ పోలేరయ్య వైర్లన్నీ విప్పి చూశాడు.

"వైర్లు బాగానే ఉండాయక్కా. మనిషి కూసున్నట్టే చూపిస్తా ఉండాది," అన్నాడు. ఆ తరువాత కారు ముట్టనన్నాడు.

మోత భరించలేక ఖాళీ సీటుకు బెల్టు పెట్టాను. ఆగింది. కానీ బెల్టు సీటును అంటుకోలేదండీ. ఎవరి పొట్ట మీదో ఉన్నట్టు జానెడు ఎత్తున నిలిచింది.

పాస్టరు గారికి చెబితే, "నువ్వే ఎక్కించినావు గదమ్మా, దిగమని చెప్పినావా?" అన్నారు. తలుపు తీసి చెప్పాను. బెల్టు అలాగే ఎత్తున నిలిచింది, మామయ్య దిగలేదు. ఎందుకు దిగలేదో నాకు తెలుసు, మీకు నిజం చెప్పేదాకా దిగరు.

అది మీ కంపెనీ కారు కాదు. విదేశీ కంపెనీది. బుక్ చేశానని మీకు అబద్ధం చెప్పాను. తడ దాటాక ఉన్న వాళ్ల ఫ్యాక్టరీలో మన పిల్లలే బిగించే బండి, అదీ మన పరిశ్రమే అని సర్దిచెప్పుకున్నాను. నిజానికి చూడగానే ముచ్చటేసింది, అంతే. నా మాట నమ్మి, కంపెనీ కారే కొన్నామని మీరు ఆఫీసులో సంతకం పెట్టారని తెలిసినా నిజం దాచాను. క్షమించండి.

తీసేసేవాళ్ల పేర్లు మంగళవారం అంటిస్తారని రాశారు. మంగళవారం నుంచి మీ ఫోను పలకడం లేదు. అదే రోజు సాయంత్రం నుంచి కారులో ఖాళీగా ఉన్న నా పక్క సీటుకు కూడా మోగుతోంది.

ఉద్యోగం పోతే పోనివ్వండి, తప్పు నాది. నన్ను తిట్టండి. ఈ ఉత్తరం అందగానే ఒక్కసారి మీ గొంతు వినిపించండి. పక్క సీటుకు మాత్రం నేను బెల్టు పెట్టను. ఎంత మోగినా పెట్టను. మీరొచ్చి కూర్చుని మీ చేత్తో పెట్టుకోవాలి.

ఇట్లు,
ఆ మోత వింటూనే మీ కోసం చూస్తున్న
మీ భార్య,
కరుణాకుమారి.