అత్తయ్యగారు చెప్పిన సాక్ష్యం

తాడేపల్లిగూడెం,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన మీకు,

ప్రభువు నామంలో మీ జాయ్సీ వందనాలు. ఆయన దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. ఆ మంచులో మీరూ, మీతోటి జవాన్లూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. అత్తయ్యగారి మోకాలు కొంచెం నయం. మన పెర్సిస్‌కి ముందు పన్ను ఊడింది, అది నాన్నకి పోస్టులో పంపాలని ఒకటే గొడవ. ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చుగా అంటారేమో. మీ ఫోన్ వస్తే చాలు, అత్తయ్యగారు స్పీకర్ పెడతారు, వీధంతా వింటుంది. ఇది మీరొక్కరే చదవాల్సిన సంగతి.

"ఫ్యాక్టరీలు నడుస్తూనే ఉన్నాయి కదా, యంత్రాల డిజైన్లు గీసే మీ సాఫ్ట్‌వేర్‌కి ఏం ముంచుకొచ్చింది?" అని పోయిన ఉత్తరంలో అడిగారు. నడుస్తున్నాయండీ, పాత మోడళ్ళతోనే. గిరాకీ లేనప్పుడు కొత్త పంపో, కొత్త ట్రాక్టరో తయారు చేద్దామని ఎవరనుకుంటారు? కొత్తది లేకపోతే గీసేవాళ్ళతో పని లేదు. మా సాఫ్ట్‌వేర్‌ని మనిషికింత అని ఏడాది అద్దెకిస్తాం. గీసే మనిషిని ఇంటికి పంపేస్తే ఆ అద్దె మాకు రాదు. ఆకివీడులో చేపల లారీలు ఆగితే ముందు ఐసు ఫ్యాక్టరీకి దెబ్బ తగులుతుంది చూడండి, మాదీ అదే బతుకు. విదేశాల కస్టమర్లు ఒక్కొక్కరే వదిలేస్తున్నారు. ఇదివరకు అందులో చిక్కొచ్చిన కస్టమర్ల ఫోన్లతో మా టీమ్‌కి టీ తాగే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు లైను పనిచేస్తోందో లేదో అని మేమే చూసుకుంటున్నాం.

సోమవారం మా మేనేజరు ఈశ్వరప్రసాద్‌గారు ఫోన్ చేశారు. "మీ టీమ్‌లో ఒకరిని తగ్గించాలమ్మా. శుక్రవారానికల్లా పేరు మీరే ఇవ్వాలి" అన్నారు. నేను మేడ మీది ఆఫీసు గదిలోంచి దిగి రాగానే నా మొహం చూసి అత్తయ్యగారు, "ఏమ్మా, ఉద్యోగాలకేమైనా ఇబ్బందా?" అన్నారు. కంగారులో "మనకేం లేదండీ" అనేశాను. మనకి అంటే ఆవిడ లెక్కలో నేనూ, నా టీమ్‌లోనే ఉన్న మీ తమ్ముడూ.

బుధవారం ఉపవాస కూడికలో ఆవిడ లేచి నిలబడి సాక్ష్యం చెప్పేశారు. "ఇంతమంది ఉద్యోగాలు పోతుంటే, దేవుడు నా ఇంట రెండు ఉద్యోగాలూ కాపాడాడండీ!" అన్నారు. సంఘమంతా స్తోత్రం అంది. దేవసహాయం పాస్టరుగారు అక్కడికక్కడే, శనివారం మన ఇంట్లో కృతజ్ఞత కూడిక అని ప్రకటించారు. సంఘం ముందు చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోమని మీ అమ్మగారితో ఎవరంటారు?

ఎవరి పేరు రాయాలా అన్న బాధ చివరికి ఇద్దరి దగ్గర ఆగిందండీ, మన నెహెమ్యా, ఏలూరు నుంచి పనిచేసే రత్నంగారు. కస్టమర్లు పేరు పెట్టి అడిగే మనిషి ఆవిడ. కంప్యూటర్లో ముగించిన కేసుల లెక్క చూస్తే మాత్రం ఇద్దరూ సమానమే. ఎందుకో నాకు తెలుసు. మేడ మీద నా ఎదురు టేబులే కదా, "వదినా, ఇదొకటి చూడండి" అంటాడు. మీ తమ్ముడని లాక్కుని చేసేసి, అతని పేరు మీదే ముగించేదాన్ని. అతన్ని పని నేర్చుకోనివ్వనిది నేనే. రత్నంగారి పేరు రాస్తే నన్నెవరూ అడగరు, ఇల్లూ చల్లగా ఉంటుంది. శుక్రవారం పేరు పంపేశాను.

శనివారం కూడికకి వాకిలి నిండా జనం. నెహెమ్యా లేచి, "మా వదిన ఎదురుగా కూర్చున్నంతకాలం నాకు భయం లేదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. కొరమీను పులుసు బ్రహ్మాండంగా ఉందన్నారు, నేను కూర్చోకుండా వడ్డిస్తూనే ఉన్నాను. నేను పంపింది మీ తమ్ముడి పేరేనండీ.

అందరూ వెళ్ళాక కుర్చీలు సర్దుతుంటే చెప్పాను. "నెహెమ్యా, సోమవారం నీకు మెయిల్ వస్తుంది."

"నా పేరు పైవాళ్ళు రాశారా వదినా?" అన్నాడు.

అవునంటే సరిపోయేది. "నేనే రాశాను" అన్నాను.

చేతిలో కుర్చీ కింద పెట్టి దాని మీదే కూలబడ్డాడు. "రత్నంగారు ఉన్నారు కదా?"

"ఆవిడ పని ఆవిడే చేసుకుంటుంది. నీ పని నేను చేస్తున్నాను."

ఆ మాటకి అతని మొహం ఎర్రబడింది. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. వంటింట్లో అత్తయ్యగారు గిన్నెలు కడుగుతూ పాడుకుంటున్నారు. అటు చూసి గొంతు తగ్గించాడు. "అమ్మకి సోమవారం చెబుదాం. రేపొక్కరోజు ఆవిణ్ణి గుళ్ళో తలెత్తుకుని కూర్చోనివ్వండి."

ఈ ఉదయం అత్తయ్యగారు అలాగే కూర్చున్నారు, ముందు వరసలో. పక్కనే నెహెమ్యా అందరికంటే గట్టిగా పాడాడు. నా వైపు చూడలేదు. ఇంటికొచ్చి భోజనం వద్దని మేడెక్కాడు. ఇది రాస్తుంటే పైనుంచి చప్పుడు వినిపిస్తోంది, నా ఎదుట ఉన్న తన టేబులు పక్క గదిలోకి జరుపుకుంటున్నాడు. "ఆదివారం కూడా పనే! వాడికి బాధ్యత తెలిసిందమ్మా, అంతా నీ చలవే" అంటున్నారు అత్తయ్యగారు.

రేపు ఆవిడకి నేనే చెబుతాను. తమ్ముణ్ణి చూసుకోమని ప్రతి ఉత్తరంలోనూ రాశారు. అతని పేరు నా చేత్తోనే రాశాను, మళ్ళీ రాయమన్నా అదే రాస్తాను. కానీ మీరు ఈ ఉత్తరం చదివే క్షణం తలుచుకుంటే కవరు అంటించబుద్ధి కావడం లేదండీ. కోప్పడండి, ఎంతైనా కోప్పడండి. జవాబు మాత్రం రాయకుండా ఉండకండి.

ఇట్లు,
మీ భార్య,
జాయ్సీ