కంప్యూటరు లేని ఇంట్లో మౌసు

నవంబరు 14, మధ్యాహ్నం

చిరంజీవి అమ్మాయికి,

అత్తయ్య ఆశీర్వదించి రాసేది. ఇక్కడ మేం క్షేమం, అక్కడ నీ క్షేమం తెలియజేయమని రాయడం మర్యాద. అలా అడిగే హక్కు నాకింకా ఉందో లేదో తెలియదు కాబట్టి, నువ్వు బాగున్నావనే అనుకుని మొదలుపెడుతున్నాను. అత్తయ్య అని రాసుకున్నందుకు విసుక్కోకు. విడాకుల కాగితాల మీద ఉన్నవి మీ ఇద్దరి సంతకాలే. నన్నెవరూ పెట్టమనలేదు, నేను పెట్టనూ లేదు.

ఆ రోజు కోర్టు మెట్ల మీద నువ్వు నా చెయ్యి పట్టుకుని, కొన్నాళ్ళు మనం మాట్లాడుకోకపోతేనే ఇద్దరికీ తేలిక అన్నావు. నేను సరేనన్నాను. ఎందుకన్నానా అని అప్పటినుంచీ బాధపడుతూనే ఉన్నాను. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో అయినా అడగాల్సింది. మాట ఇచ్చాను కాబట్టి ఫోను చెయ్యలేదు. ఉత్తరం రాస్తే మాట్లాడినట్టు కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

విశేషమేమిటంటే, పాత ఫోను మొరాయించింది, కొత్తది కొన్నాను. వెనక మూడు కళ్ళున్నాయి దానికి. తడి సబ్బులా చేతిలోంచి జారిపోతుంది. మొహం చూపిస్తే తెరుచుకుంటుందట. కళ్ళజోడు పెట్టుకుంటే గుర్తుపడుతుంది, తీస్తే నువ్వెవరన్నట్టు చూస్తుంది. ఫొటో దిగితే నా మొహం ఇస్త్రీ చేసినట్టు వచ్చింది, ఒక్క ముడత లేదు. నా దగ్గర గౌన్లు కుట్టించుకునే టీచరమ్మకి చూపిస్తే, ఈవిడ మీ చెల్లెలా అని అడిగింది. పెట్టెలో ఛార్జరు మాత్రం లేదు, విడిగా కొనుక్కోవాలట. ఏనుగునిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్టుంది వీళ్ళ వ్యాపారం.

ఫోను పౌచ్ కూడా కొన్నాను. పైకి తోలులా మెరుస్తోంది కానీ జిప్పు పక్కన కుట్టు రెండు చోట్ల జారింది. విప్పి మళ్ళీ నేనే కుట్టుకున్నాను. చెవిలో పెట్టుకునేవి వైరు లేనివి తీసుకున్నాను. సరిగ్గా కోటు గుండీలంత ఉన్నాయి. ఒకటి గుండీల డబ్బాలో పడిపోతే, వెతికి తీసేసరికి నా ప్రాణం పోయింది. పాటలు బాగానే వినిపిస్తాయి కానీ కుట్టుమిషను చప్పుడు వినబడకపోతే నాకు కుట్టు వంకర పోతుంది. అందుకని పక్కన పెట్టేశాను.

ఆ తర్వాత కీబోర్డు, మొన్న మౌసు. మౌసు చేతిలో భలే ఒదుగుతుంది, నొక్కితే అసలు చప్పుడే రాదు. అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, మనింట్లో కంప్యూటరే లేదు కదమ్మా అన్నాడు. నిజమే, నీది నువ్వు తీసుకెళ్ళాక మళ్ళీ కొనలేదు. షాపతను చవగ్గా ఇచ్చాడని చెప్పాను. మన వీధి చివర మూడు షాపులుండగా రెండు బస్సులు మారి ఆ షాపుకే ఎందుకు వెళ్తున్నావని కూడా అడిగాడు. అతను మర్యాదగా మాట్లాడతాడని అన్నాను. అది అబద్ధం కాదు. నన్ను చూడగానే స్టూలు లాగి వేస్తాడు. ఇన్ని ప్రశ్నలడిగి ఇంత తక్కువ కొనే మనిషిని తన సర్వీసులో చూడలేదని పక్కవాళ్ళతో అంటాడు కూడా.

నువ్వుంటే నాకీ తిప్పలుండేవి కావు. మొదటి ఫోను నువ్వే ఎంచి తెచ్చావు. కొలతలు ఫొటో తీసి దాచుకోవడం, బట్ట చిరిగిన చోటు ఫోనులో పెద్దది చేసి చూడటం, అన్నీ నీ దగ్గర నేర్చుకున్నవే. పదిసార్లు అడిగినా, అత్తయ్యా ఇటు చూడండి అనేదానివే తప్ప ఒక్కసారీ కసురుకోలేదు. మీ ఇద్దరికీ ఎందుకు పొసగలేదో నేను అడగను. వాడు నా కొడుకు, వాణ్ణి కాదనలేను. కానీ వాడికి భార్య దూరమైతే నాకు కోడలు ఎందుకు దూరం కావాలో ఎంత ఆలోచించినా అర్థం కావడం లేదు. కోడలు లేని అత్త గుణవంతురాలంటారు. ఆ లెక్కన ఇప్పుడు నాకన్నా గుణవంతురాలు ఈ వీధిలో లేదు. ఆ గుణాలు ఏం చేసుకోవాలో మాత్రం తెలియడం లేదు.

ఉంటాను. వేళకి తిను.

ఇట్లు,
ఇప్పటికీ నీ అత్తయ్య

తా.క.: కవరు అంటించబోయి ఆగిపోయాను. పాత ఫోను మొరాయించలేదమ్మా, నిక్షేపంలా పనిచేస్తోంది. ఆ షాపు మీ ఆఫీసుకి ఎదురుగా ఉంది. అద్దాల తలుపు పక్కన కూర్చుంటే మీ మెట్లు కనిపిస్తాయి. ఊరికే కూర్చుంటే బాగుండదని వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి కొంటూ వచ్చాను.

మొన్న మంగళవారం సాయంత్రం నువ్వు కనిపించావు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నావు, నీకు బాగా నప్పింది. పక్కమ్మాయి ఏదో చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వుతున్నావు. పిలుద్దామని లేచి తలుపు దాకా వచ్చాను. నువ్వు అలా నవ్వడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూస్తే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని పిలవలేకపోయాను. ఇంటికొచ్చాక, పిలవాల్సిందని ఏడ్చాను.

ఇలా దాక్కుని చూడటం తప్పని నాకు తెలుసు. వచ్చే మంగళవారం సాయంత్రం ఒక్కసారి వస్తాను, షాపులోకి కాదు, బయట అరుగు మీద నీకు కనిపించేలా నిలబడతాను. నీకు ఇష్టం లేకపోతే నీ దారిన నువ్వు వెళ్ళిపో. నేనేమీ అనుకోను, ఇంకెప్పుడూ ఆ వీధికి రాను. ఇష్టమైతే రోడ్డు దాటి రా.