పెద్ద జట్టులో పదకొండు నిమిషాలు

మార్జరీ అక్కా,

వసంతంలో ఆట మానేసి బావ చేపల పడవ మీద పనికి వస్తానని మాటిచ్చాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తిట్టకు.

తొమ్మిదేళ్లుగా చిన్న లీగులోనే ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడుతున్న నన్ను మంగళవారం పెద్ద జట్టువాళ్లు పిలిచారు. వాళ్ల ఆటగాళ్లిద్దరికి గాయాలట. పదకొండు నిమిషాలు ఆడాను. మంచు మీదికి దిగగానే ఎదుటి జట్టువాడొకడు, "ఏం తాతా, దారి తప్పొచ్చావా?" అన్నాడు. ఆఖరి నిమిషంలో వాడు కొట్టిన పక్‌కు, ఆ గట్టి రబ్బరు బిళ్లకు, అడ్డంగా పడుకున్నాను. గోల్ కాలేదు, మేం గెలిచాం. పక్కటెముకలు కమిలాయి, విరగలేదు. అమ్మకు చెప్పకు.

తర్వాత కోచ్ వచ్చి, "హోటల్ ఖాళీ చేసి ఇల్లు చూసుకోవయ్యా, సీజనంతా నువ్విక్కడే," అన్నాడు. ముప్పై మూడేళ్లవాణ్ని, స్నానాల గదిలోకెళ్లి వెక్కివెక్కి ఏడ్చాను.

శనివారం టీవీ పెట్టి కేప్ బ్రెటన్‌లో మనవాళ్లందరినీ పిలువు. నలభై నాలుగో నంబరు నాదే.

నీ తమ్ముడు