ఉప్పు కాపడం

అత్తా,

ధర్మవరం నుంచి నీ మనవరాలు కాన్పుకని పెనుకొండకొచ్చింది. నువ్వు పోయినాక పెట్టెలో ఉండిపోయిన నీ చీరలు తీసి, పుట్టే బిడ్డకు బొంత కుడతాండా. వంగి కుట్టి కుట్టి మెడ పట్టేస్తాంది. దానికైతే నాకు భయం లేదు. ఈ పొద్దు సూది వేలిలో దిగబడినా తెలీలేదత్తా. చీర మీద నెత్తురు చూసినాకనే తెలిసింది.

నీకూ ఇట్లే మొదలైంది కదా. ఆఖరికి నీ చేతులు పడిపోతే ముద్ద నేనే కలిపి పెడతా ఉంటి.

ఎవరికీ చెప్పకుండా చెయ్యి కొంగులో దాచుకున్నా. అయినా నీ కొడుకు చూసేసినాడు. కుంపటి మీద ఉప్పు వేయించి, గుడ్డలో మూటగట్టి తెచ్చినాడు.

"కాక తెలిస్తే చెప్పు" అన్నాడు.

కాక తెలీక నీ చెయ్యి బొబ్బలెక్కిన పొద్దు ఇద్దరికీ గుర్తుకొచ్చింది. మూట వేళ్ళకు ఆనించినాడు. నాకేమీ తెలీలేదు. ఆయన మూట తీయబోయినాడు.

"ఉండనీ, ఇంకొంచెంసేపు" అన్నా.

అప్పుడు చురుక్కుమంది.

"అబ్బా, కాలుతాండాది!" అని చెయ్యి లాక్కున్నా.

"కాలనీలే, కాలనీ" అంటా ఆయన మొగం తిప్పుకొని కళ్ళు తుడుచుకున్నాడు.

రేపు మళ్ళా పెడతాడంట. రేపు కూడా కాలాలత్తా.