జబ్బులు అడగని ఫారం

అక్టోబరు 14, మంగళవారం

సరళ మందులకి ఇన్సూరెన్స్ దొరికేలా ఉంది. ఆ మాట రాయాలంటే ముందు లిండాని మెచ్చుకోవాల్సి రావడం నా కర్మ.

డెబ్బై రెండేళ్ళకి రిటైరయ్యేసరికి, కాలేజీ ఇచ్చిన ఇన్సూరెన్స్ పోయిన నెల ఆగిపోయింది. సస్కాచెవాన్‌లో మా మూలన మూడు ఊళ్ళకీ ఒక్కతే ఏజెంటు. అదీ నేను కెమిస్ట్రీలో రెండుసార్లు ఫెయిల్ చేసిన లిండా. ఫారంలో 'మీ భార్యకి జబ్బులేమైనా ఉన్నాయా' అన్నచోట 'లేవు' అని రాసిచ్చాను. పార్కిన్సన్స్ సంగతి సొంత తమ్ముడికే చెప్పనివ్వని మనిషి సరళ. కంపెనీకి చెబుతానా?

లిండా కళ్ళజోడు సర్దుకుని, "జవాబు తప్పు, ప్రొఫెసర్. మందుల షాపు లైన్లో ఆవిడ వెనకే కదా నేను నిలబడేది," అంది. అబద్ధం బయటపడితే ఒక్క మందుకీ డబ్బివ్వరట. తర్వాత ఇంకో ఫారం తీసింది. ఉద్యోగం ఇన్సూరెన్స్ ఆగిన రెండు నెలల్లోపు చేరితే అందులో జబ్బుల గురించి అడగనే అడగరు. నాకింకా మూడు వారాల గడువుంది. ఇంటినిండా పుస్తకాలున్నవాణ్ణి, ఈ సంగతి రాసి కాలేజీ పంపిన కాగితం మాత్రం చదవలేదు. అక్కడే సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి చెబితే సరళ నవ్వింది. "కంపెనీవాళ్ళే అడగనప్పుడు ఇంకా మనమెందుకండీ దాచడం?" అంటూ మిల్టన్ పట్నంలో ఉన్న తమ్ముడు మూర్తికి తనే ఫోన్ చేసి చెప్పేసింది. 'మీ ఊళ్ళో మనుషులకన్నా ఆవులెక్కువ బావగారూ' అని ఇరవై ఏళ్ళుగా వెక్కిరిస్తున్నవాడు ఈసారి మందుల పేర్లన్నీ అడిగి రాసుకున్నాడు. చివరికి, "శనివారం వస్తున్నానక్కా," అన్నాడు.

రానీ. ఆవుల్ని దగ్గరుండి లెక్కపెట్టిస్తాను.