అద్దంలాంటి చెరువు

ఏలూరు, 12 ఆగస్టు 2004

రేపు వారపత్రికకి పంపాల్సిన కథను సాయంత్రం పక్కింటి మరియమ్మగారికి చదివి వినిపించాను. ఆవిడ భర్త ఇరవై ఏళ్లు కొల్లేరులో చేపల చెరువులకి కాపలా ఉన్నారు. పెళ్లి సన్నివేశంలో "చెరువు అద్దంలా నిశ్చలంగా ఉంది" అనగానే ఆవిడ మొహం మారిపోయింది.

"అయ్యో, పెళ్లిరోజున అలా రాశారేంటండీ? గాలాడక నీళ్లు అలా ఉన్న రోజు మా ఆయనకి అన్నం సహించేది కాదండీ. తెల్లారేసరికి చేపలు ఊపిరాడక చచ్చి తేలేవి."

కొల్లేరు ఇక్కడికి గంట ప్రయాణం. అయినా ఆ పోలిక ఏదో పుస్తకంలోంచి తెచ్చుకున్నాను. కొట్టేయడానికి మనసొప్పలేదు. పెళ్లిలోంచి తీసి, కథలో చేపలన్నీ పోయే ముందు రాత్రికి మార్చాను. అక్కడ చదువుకుంటే నాకే గుబులుగా ఉంది.

పదేళ్లుగా కొల్లేరు మీద రాస్తున్నాను. ఆ పాత కథలు ఆవిడకి వినిపించే ధైర్యం మాత్రం రావడం లేదు.